పప్పే చేశాం, ఏమీ అనుకోకండి

శుక్రవారం, నెల్లూరు

మేనకోడలి పెళ్లి ఫాల్గుణ మాసంలో. శుభలేఖలు పంచడానికి బావకు సెలవు దొరకలేదు. అక్కకు కారు నడపడం రాదు. నేనేమో జూనియర్ కళాశాలలో కెమిస్ట్రీ పాఠాలు చెప్పి రిటైరై హైదరాబాదులో ఖాళీగా ఉన్నాను. కాబట్టి డ్రైవరు ఉద్యోగం నాకు దక్కింది. నెల్లూరు నుంచి మార్కాపురం దాకా దారి పొడవునా ఉన్న చుట్టాల ఇళ్లను అక్క ఒక పాత డైరీలో రాసుకుంది. మొత్తం ముప్పై ఎనిమిది. కార్డు ఫోనులో పంపేయవచ్చు కదా అన్నాను. "ఫోనులో పిలిస్తే ఫోనులోనే వస్తారు" అంది.

మొదటి ఇల్లు మూలాపేటలో మా మేనత్తది. పదకొండు గంటలకు వెళ్లాం. బొట్టు పెట్టి, కార్డు చేతికిచ్చి, లేద్దామనుకునేలోగా వంటింట్లో కుక్కరు కూత వేసింది. "చెప్పకుండా వస్తే ఏం చేయను? పప్పే చేశాను, ఏమీ అనుకోకండి" అంది అత్తయ్య. ఈ మాట ఆ వారంలో ఎన్ని గడపల్లో విన్నానో లెక్కలేదు. కానీ ఈ మాట అన్నవాళ్లలో ఏ ఇద్దరూ నా కంచంలో ఒకే పప్పు వడ్డించలేదు.

వేడి అన్నంలో ఆమె పోసినది కలుపుకుని, "సాంబారు అద్భుతంగా ఉంది అత్తయ్యా" అన్నాను. పప్పులో కాలేశాను. గరిటె గాలిలో ఆగిపోయింది.

"సాంబారా? దీంట్లో ధనియాల పొడి వాసన వస్తోందా నీకు? హైదరాబాదు వెళ్లి నాలుక మొద్దుబారిందిరా!"

అది పప్పుచారు. కందిపప్పు మెత్తగా ఉడికించి, పప్పుగుత్తితో ఎనిపి, చింతపండు పులుసుతో పలుచన చేసి, ములక్కాడలు, ఉల్లిపాయలు, పసుపు, చిన్న బెల్లంముక్క వేసి మరిగించాలి. చివర మెంతులు, ఇంగువ, ఎండుమిరపకాయలతో తిరగమోత. పొడి అన్నది దాని దరిదాపులకు రాకూడదు. పొడి పడితే అది హోటలు సరుకు. తడ దాటితే తమిళనాడే. అందుకే కాబోలు, ఈ ఊరివాళ్లు పప్పుచారుకూ సాంబారుకూ మధ్య గీతను అంత గట్టిగా గీస్తారు. శుక్రవారం కాకపోయి ఉంటే పక్కన వేయించిన ఎండు చేప ఒకటి ఉండేదని అత్తయ్య రెండుసార్లు విచారించింది. నేను మూడుసార్లు విచారించాను.

రెండోసారి కాలేసింది అలమర దగ్గర. "పప్పులు తీసుకురా, పొడి కొట్టి ఇస్తాను" అంటే పచ్చి శనగపప్పు డబ్బా పట్టుకెళ్లాను. అత్తయ్య ఇంట్లో పప్పు అంటే కందిపప్పు. పప్పులు అంటే వేయించిన శనగపప్పు, మిగతాచోట్ల పుట్నాలు అంటారే, అవి. ఒక్క 'లు'తో సరుకే మారిపోతుంది. వెల్లుల్లి, ఎండుకొబ్బరి, జీలకర్ర, ఎండుమిరపకాయలు వేసి కొట్టిన ఆ పొడి పొట్లమే సాయంత్రం ట్రంకు రోడ్డులో తిన్న కారం దోసె మీదికి పనికొచ్చింది. హోటలువాడు నన్ను వింతగా చూశాడు.

శనివారం, కోవూరు, జొన్నవాడ, బుచ్చిరెడ్డిపాళెం

పెన్న వంతెన దాటి కోవూరులో అయిదు ఇళ్లు ముగించాం. అయిదు చోట్లా కాఫీ. జొన్నవాడ కామాక్షమ్మ పాదాల దగ్గర ఒక కార్డు ఉంచి, ఏటి ఒడ్డున కాసేపు కూర్చున్నాం. రెండువైపులా వరి. నెల్లు అంటే వరి, ఊరి పేరు దాన్నుంచే వచ్చిందని చెబుతారు. మొలకొలుకుల బియ్యం అన్నంలో కలిపిన పప్పు రుచి ఇప్పటి బియ్యానికి రాదని అక్క ఉపన్యాసం ఇచ్చింది. నేను కాదనలేదు. చిన్నప్పటి ఆకలితో తిన్న అన్నాన్ని ఇప్పటి అన్నంతో పోల్చడం అన్యాయం.

బుచ్చిలో పిన్ని ఇల్లు. శనివారం కాబట్టి నీచు లేదు, రాత్రికి అన్నమూ లేదు, మధ్యాహ్నమే అసలు భోజనం. "పెసరపప్పే వండాను బాబూ, ఏమనుకోకు." పొట్లకాయ ముక్కలతో పెసరపప్పు, పలుకు చెదరకుండా, మీద పచ్చికొబ్బరి. దీన్ని పప్పు అనరు, కూర అంటారు. అదే పెసరపప్పు బియ్యంతో కలిసి, మిరియాలు, నెయ్యి తగిలితే పులగం. శ్రీరామనవమికి నానబెట్టి నీళ్లు వంచి ఇస్తే వడపప్పు, పొయ్యి మొహం కూడా చూడనక్కరలేదు. పొట్టుతో ఉన్న పెసలు నానబోసి రుబ్బితే పెసరట్టు.

"జ్వరం వచ్చినవాడికీ అదే, దేవుడికీ అదే" అంది పిన్ని. కంది వేడి, పెసర చలవ అన్నది ఆమె వైద్యశాస్త్రం మొత్తం. నా శాస్త్రానికి తెలిసినంతలో పెసరపప్పు గింజ చిన్నది, నానకపోయినా త్వరగా ఉడుకుతుంది, కడుపును పెద్దగా ఉబ్బరించదు. ఇద్దరి మాటా ఒకచోటికే చేరింది కాబట్టి వాదన పెట్టుకోలేదు.

ఆదివారం, కావలి నుంచి కందుకూరు

కావలిలో అన్నయ్య వాళ్లకు మేము వస్తున్నట్టు ముందే తెలిసిపోయింది. కోడికూర, గారెలు. "హమ్మయ్య, ఇవాళ పప్పు తప్పింది వదినా" అన్నాను.

"గారె పప్పు కాక మరేమిటి?" అంది వదిన.

నిజమే. పొట్టు మినప్పప్పు రాత్రి నానబోసి, తెల్లవారి కడిగి, పొట్టు తీసి, నీళ్లు చిలకరిస్తూ రుబ్బిన పిండి. వదిన గిన్నెడు నీళ్లలో చిన్న పిండి ముద్ద వేసి చూపింది. మునిగి, ఒక క్షణం ఆలోచించి, పైకి తేలింది. తేలితే గారె లోపల గుల్లగా వస్తుంది. మునిగి అక్కడే ఉండిపోతే ఇంకా రుబ్బాలి. మినుములో ఒక జిగురు పదార్థం ఉంది. అదీ, మినుములోని మాంసకృత్తులూ కలిసి రుబ్బేటప్పుడు చేరే గాలిని బుడగలుగా పట్టి ఉంచుతాయి. కందిపప్పును ఎంత రుబ్బినా, శనగపప్పును ఎంత రుబ్బినా ఇలా తేలదు. అందుకే శనగపప్పుతో చేసేది వడ, కరకరలాడుతుంది కానీ ఉబ్బదు. ఇంత చెప్పాక వదిన, "జిగురు సంగతి నాకు తెలియదు. నీళ్లు ఎక్కువైతే నూనె తాగుతుంది, నూనె ధర మాత్రం తెలుసు" అంది.

ఎన్ని తిన్నానో రాయను.

కందుకూరు వెళ్లే దారిలో గుడ్లూరు దగ్గర అక్క కారు ఆపమంది. తింటే గారెలు తినాలి, వింటే భారతం వినాలి అంటారు కదా. ఆ భారతంలో పదిహేను పర్వాలు తెలుగు చేసిన తిక్కన నెల్లూరులో మనుమసిద్ధి కొలువులో ఉన్నవాడు. నన్నయ ఆపిన చోట అరణ్యపర్వాన్ని పూర్తిచేసిన ఎర్రన, అద్దంకి రెడ్డిరాజుల దగ్గరి కవి, ఈ గుడ్లూరువాడనే చెబుతారు. కవిత్రయంలో ఇద్దరు మన దారిలోనే తగిలారు. "కాబట్టి సామెతలో రెండో సగం మనది. మొదటి సగం వదినది" అని అక్క తీర్పు చెప్పింది.

కందుకూరులో బాబాయి ఇల్లు చేరేసరికి చీకటి. ఒకప్పుడు గిత్తలు పెంచిన ఇల్లు. ఇప్పుడు కొట్టంలో మోటారు సైకిళ్లు ఉన్నాయి. వాన తప్పిన ఏడు, పంటకాలం దాటిపోయాక కూడా చల్లుకోగలిగేది ఉలవలేనట. ఎద్దుల కోసం పెద్ద కుండలో ఉలవలు గంటల తరబడి ఉడికించేవారు. గింజలు ఎద్దులకు, పైన తేరిన చిక్కటి కట్టు మనుషులకు. ఆ కట్టును చింతపండుతో మరిగిస్తే ఉలవచారు. "ఎద్దు తినగా మిగిలింది మేము తిన్నాం. ఇప్పుడు పెళ్లిళ్లలో దాన్ని మీగడ వేసి మరీ వడ్డిస్తున్నారు" అని బాబాయి నవ్వాడు. ఒంగోలు గిత్తలు సముద్రం దాటి బ్రెజిల్ వెళ్లి అక్కడ లక్షల మందలుగా పెరిగాయి. అక్కడివాళ్లు వాటిని పిలిచే పేరు మాత్రం నెలోర్. పేరు నెల్లూరుకు, పశువు ఒంగోలుకు. కందుకూరు కూడా అలాంటిదే. 1970లో కొత్త జిల్లా ఏర్పడినప్పుడు నెల్లూరు నుంచి విడిపోయి ఒంగోలు వైపు వెళ్లింది, 2022లో మళ్లీ నెల్లూరు జిల్లాలోకి వచ్చింది. బాబాయి గడప దాటలేదు, జిల్లా మాత్రం మారుతూ వచ్చింది.

సోమవారం, ఒంగోలు

తొమ్మిది ఇళ్లు. నాలుగు అపార్టుమెంట్లలో లిఫ్టు లేదు, ఒకదాంట్లో ఉన్నా పనిచేయలేదు. మోకాళ్ల సంగతి అడగవద్దు.

రాయదగింది ఒక్క ఇల్లే. మా దూరపు వదిన కోడలు కలకత్తా అమ్మాయి, బెంగళూరులో ఉద్యోగం చేస్తూ అబ్బాయిని చేసుకుంది. వదినకు ఒంట్లో బాగాలేక వంట ఆ అమ్మాయి చేసింది. "దాల్ మాత్రమే మామయ్యగారూ" అని తెలుగులో తడుముకుంటూ అంది. భాష మారినా మాట అదే. మైసూరుపప్పు, అదే ఎర్రగా ఉండేది, పసుపు వేసి పావుగంటలో ఉడికించింది, కుక్కరు అక్కరలేకుండానే. దాని మీద జీలకర్ర, మెంతులు, ఆవాలు, సోంపు, నల్లజీలకర్ర అయిదూ పొడి చేయకుండా నూనెలో చిటపటలాడించి పోసింది. పాంచ్ ఫోరన్ అంటారట. ఇంగువ లేదు, వెల్లుల్లి లేదు, చింతపండు అసలే లేదు. వాళ్ల పుట్టింట్లో పండగలకు శనగపప్పులో కొబ్బరి ముక్కలు, కాస్త తీపి వేసి వండుతారని కూడా చెప్పింది. శనగపప్పూ కొబ్బరీ మన ఇళ్లలోనూ జంటే అన్నాను. తీపి మాట దగ్గర మాత్రం వదిన మంచం మీద నుంచే, "పప్పులో పంచదార ఏమిటి తల్లీ" అంది. బెల్లంముక్క వేసిన అత్తయ్య పప్పుచారు నాకు గుర్తొచ్చింది కానీ నోరు మూసుకున్నాను.

మంగళవారం, నాగులుప్పలపాడు దగ్గరి ఒక ఊరు

మంగళవారం శుభలేఖ ఇవ్వకూడదు. కార్డులు కారులోనే ఉంచి, పెద్దమ్మ వాళ్ల ఊళ్లో ఊరికే ఉన్నాం. ప్రయాణం మొత్తంలో నాకు నచ్చిన రోజు ఇదే.

తెల్లవారుజామున అన్నయ్య పొలానికి తీసుకెళ్లాడు. కంటికి ఆనినంత మేర నల్లరేగడి, దాని మీద శనగ. చెప్పులు విప్పి చేలో దిగబోతే వద్దన్నాడు. వినలేదు. పది అడుగులకే పాదాలు చుర్రుమన్నాయి. శనగ ఆకుల మీద సన్నని నూగు ఉంటుంది. దాన్నుంచి మాలిక్, ఆక్సాలిక్ ఆమ్లాలు ఊరుతాయి. రాత్రి మంచు దాంతో కలిసి పొద్దునకు పుల్లని నీళ్లవుతాయి. వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంటే చింతచిగురు రుచి. ముప్పై ఏళ్లు పరీక్ష నాళికల్లో ఆమ్లాలు చూపించినవాణ్ని, ఒకటి నా కాళ్లను పట్టుకోవడం ఇదే మొదటిసారి.

ఈ పంటకు తడి పెట్టరు. అక్టోబరు, నవంబరు వానలకు నేల తాగిన నీళ్లే దానికి చాలు, ఆపైన మంచు. అన్నయ్య చేలో ఉన్నది జేజీ 11 రకం, 1999లో విడుదలైంది. తొందరగా కోతకు వస్తుంది, ఎండుతెగులును తట్టుకుంటుంది. పొగాకు వదిలి శనగ పట్టుకున్నవాళ్లలో అన్నయ్య కూడా ఒకడు. పండినదంతా బస్తాలకెత్తి ఒంగోలు చుట్టుపక్కల కోల్డు స్టోరేజీల్లో దాచి, ధర కోసం ఎదురుచూస్తారు. "రెండేళ్ల నాటి సరుకు కూడా ఇంకా అక్కడే చలికాచుకుంటోంది" అన్నాడు.

ఇంత శనగ నడుమ కూర్చుని మధ్యాహ్నం శనగపప్పు వంటకమేదో తింటామనుకున్నాను. పెద్దమ్మ వడ్డించింది చుక్కకూర పప్పు, కందిపప్పుతో. కందులు పడమటి నుంచి కొనుక్కొచ్చినవి. అడిగితే, "అమ్ముకునేది శనగ, తినేది కంది" అంది. శనగపప్పు ఈ ఇంట్లో పండగ సరుకు. బూరెల్లో పూర్ణం, బొబ్బట్లలో పూర్ణం, మసాలా వడ, సొరకాయలో ఒక గుప్పెడు. రోజూ అన్నంలో కలుపుకోవడానికి దాన్ని పిలవరు, ఉడికినా పలుకు విడవదు కాబట్టి. ఎనిపితే వెన్నలా కలిసేది కందే.

ఆకుకూర పప్పు చూడ్డానికి ఒకటే, ఒక్కొక్క ఆకుకు ఒక్కొక్క వరస. తోటకూరకు చింతపండు కావాలి. చుక్కకూర తన పులుపు తానే తెచ్చుకుంటుంది, అందుకని కాస్త ఎక్కువ కారం అడుగుతుంది. గోంగూర అయితే పప్పును మింగేస్తుంది, పాళ్లు తప్పితే పచ్చడే. మెంతికూర చేదును పప్పు దాచేయకూడదు, ఓదార్చాలి. ఈ మాట పెద్దమ్మదే.

సాయంత్రం ఆమె రోలు ముందు కూర్చుంది. కందిపప్పు మూకుట్లో సన్నని సెగ మీద వేగుతోంది. తొందరపడి సెగ పెంచబోయిన అక్క చేతి మీద చిన్న దెబ్బ పడింది, అరవై ఏళ్ల అక్క. పైన మాడి లోపల పచ్చిగా ఉంటే కందిపచ్చడి జన్మలో బాగుపడదు. గింజ మధ్య దాకా ఎర్రబడి, ఇల్లంతా ఆ కమ్మని వాసన పాకాక దించి, ఎండుమిరపకాయలు, జీలకర్ర, ఉప్పు, రవ్వంత చింతపండు వేసి బరకగా రుబ్బింది, చివర వెల్లుల్లి. దానికి జోడు పచ్చిపులుసు. ముద్దలో కందిపచ్చడి, నెయ్యి, పక్కన పచ్చిపులుసు గుక్క. ఉడకని పప్పు, మరగని పులుసు. రెండూ కలిసి నోట్లో చేసే పనికి కెమిస్ట్రీలో పేరు లేదు. తాలింపు ఘాటుకు దగ్గుతూ రెండోసారి అన్నం పెట్టించుకున్నాను. నెల్లూరు తిరగమోత ఈ ఇంట్లో తాలింపు అయింది.

బుధవారం, చీమకుర్తి, పొదిలి, మార్కాపురం

చీమకుర్తిలో కొండల్లా పేర్చిన రాళ్లు. చుక్కలు మెరిసే ఈ నల్ల గ్రానైటు దేశదేశాల్లో వంటగట్లవుతుంది. ఊళ్లో కార్డు ఇచ్చిన ఇంట్లో వంటగట్టుకు వేసింది తెల్ల పలకలు.

ఇక్కడి నుంచి నేల ఎర్రబడింది, గాలి ఎండిపోయింది. రోడ్డు పక్క కళ్లాల్లో కందులు, ఇళ్ల గోడలకు ఆనించిన కందికట్టె. ప్రకాశం జిల్లాను 1970లో మూడు జిల్లాల ముక్కలతో కుట్టారు. ఒంగోలు వైపు గుంటూరుది, పొదిలి, కనిగిరి, కందుకూరు నెల్లూరువి, మార్కాపురం, గిద్దలూరు కర్నూలువి. పటం చూడకపోయినా కంచం చూస్తే తెలుస్తుంది.

పొదిలిలో చిన్న వదిన ఇంట్లో మేము పన్నెండుకు కూర్చుంటే రెండు దాకా అన్నం పెట్టలేదు. కుక్కరు కూతలు లెక్కపెట్టాను, పదకొండు. మూత తీసి చూసి, వదిన తల కొట్టుకుంది. క్యాన్ల నీళ్లు అయిపోయి పప్పు బోరు నీళ్లలో వేసిందట. "ఈ నీళ్లలో ఎవరి పప్పులూ ఉడకవు అన్నయ్యా" అంది. నీ పప్పులు ఉడకవు అన్న మాటను జీవితంలో వందసార్లు విని ఉంటాను. కళ్ల ముందు కంచంలో చూడటం ఇప్పుడే. పసుపురంగు నీళ్లలో గింజలు గింజలుగా, దేనికది వేరుకాపురం.

కెమిస్ట్రీ పంతులుకు ఇంతకన్నా మంచి తరగతి గది దొరకదు. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. పప్పు గింజలోని కణాలను ఒకదానికొకటి అతికించి ఉంచేది పెక్టిన్. మెత్తటి నీళ్లలో అది వేడికి కరిగి గింజ విచ్చుకుంటుంది. గట్టి నీళ్లలోని కాల్షియం వెళ్లి ఆ పెక్టిన్‌నే పట్టుకుని బిగిస్తుంది. పులుపు కూడా ఇలాగే అడ్డుపడుతుంది, అందుకే చింతపండైనా మామిడికాయైనా పప్పు మెత్తబడ్డాకే వేయాలి. ఈ ప్రాంతపు నీళ్లలో ఫ్లోరైడ్ కూడా ఉంది. పళ్ల మీద గోధుమరంగు మచ్చలు, వంగిన నడుములు దాని పని. పప్పుతో దానికి తగాదా లేదు. తినే సోడా చిటికెడు వేస్తే ఉడుకుతుంది కదా అన్నాను. "ఉడుకుతుంది, సబ్బు తిన్నట్టుంటుంది" అంది వదిన. పక్కింటి నుంచి క్యాను తెప్పించి మళ్లీ పెట్టింది. నాలుగు కూతల్లో విచ్చుకుంది. దోసకాయ పప్పు. వాళ్లు నెలకు క్యాన్లకు పెట్టే డబ్బులో ఎంత దాహానికో, ఎంత పప్పుకో అడగాలనిపించింది. అడగలేదు.

మార్కాపురం దాటి ఒక పల్లెలో చివరి కార్డు. బడిలో పట్టుకున్న పలకలు ఈ చుట్టుపక్కల రాళ్లవే, కాబట్టి మొదటి 'అ' ఈ ఊరి మీదే దిద్దానని చెప్పుకోవచ్చు. ఇల్లు అక్క అత్తగారి తరఫు ముసలి దంపతులది. రాత్రికి జొన్నరొట్టె, గట్టి పప్పు, పచ్చి ఉల్లిపాయ. రొట్టె తుంచి పప్పును ఎత్తితే జారకూడదు, అది ఇక్కడి కొలత. మొన్నటి పప్పుచారును ఈ రొట్టెతో ఊహించుకోండి.

ఆ పప్పు రంగూ వేరు, కాస్త ఎర్రదనం, తీపి. కందులను నానబెట్టి, ఎర్రమట్టి పట్టించి, రాశిపోసి ఒక రాత్రి ఉంచి, ఎండబెట్టి, మట్టి దులిపి తిరగట్లో విసురుతారు. పొట్టు సులువుగా ఊడుతుంది, బద్ద పుచ్చిపోకుండా నిలుస్తుంది. పెద్దావిడ రెండు శేర్లు సంచీలో పోసి అక్క చేతిలో పెట్టింది. "రాత్రంతా నానబెట్టు తల్లీ. పొద్దున ఆరు కూతలు. దించి, ఊపిరి పోయాక మళ్లీ ఆరు" అని రెండుసార్లు చెప్పింది.

గురువారం, నెల్లూరు

దారిలో ఒక టైరు పంక్చరు. దాని గురించి ఇంతకన్నా రాయను.

రాత్రి ఇంటికి చేరి, నిద్రపోయే ముందు అక్క పప్పు నానబెట్టింది.

శుక్రవారం, నెల్లూరు

పొద్దున్నే ఆరు కూతలు. దించి, ఆవిరి పోయాక మళ్లీ ఆరు. మార్కాపురం పెద్దావిడ మాట అక్షరం తప్పలేదు. మూత తీస్తే పప్పు కనబడలేదు. గింజ అన్న ఆనవాలు లేదు, బంగారు రంగు గంజి. పన్నెండు కూతలూ ఆ ఊరి బోరు నీళ్ల కోసం చెప్పినవి. ఇక్కడ కుళాయిలో వచ్చేవి పెన్న నీళ్లు.

బావ కంచం ముందు కూర్చుని, "వారం రోజులు తిరిగారు, మంచి పప్పు తెచ్చారట" అంటున్నాడు. నేను పెక్టిన్ గురించి నోరు తెరిచాను. అక్క నన్ను పక్కకు జరిపి, అలమరలోంచి చింతపండు తీసి నీళ్లలో వేసి, ములక్కాడలు కోయమని కత్తిపీట నా ముందుకు తోసింది.